పంపు స్టవ్వు మీద పాలు

గురమ్మకు రిటైరైన మర్నాటి నుంచి భయం పట్టుకుంది. అంతకు ముందు ఆవిడ భయపడగా చూసినవాళ్ళు విజయనగరంలో ఎవరూ లేరు. ఆడపిల్లల హైస్కూల్లో అటెండరుగా ఉన్నన్నాళ్ళూ గంట కొట్టింది, కుర్చీలు మోసింది, గోడెక్కి పక్క తోటలో మామిడికాయలు కోసే పిల్లల్ని చెవి పట్టుకు తెచ్చి హెడ్‌మిస్ట్రెస్ ముందు నిలబెట్టింది. ఒకసారి స్కూలు ఆవరణలోకి జొరబడ్డ ఆబోతును చీపురుకట్టతో గేటు దాకా తోలింది. అలాంటి మనిషిని దండ వేసి, ఫోటో తీసి, స్వీటు పొట్లం చేతిలో పెట్టి ఇంటికి పంపేసరికి, పొద్దున్న కళ్ళు తెరుస్తూనే "ఇయాళ ఏటవుతాదో" అనుకోవడం అలవాటైపోయింది.

భయానికి కారణాలు లేకపోలేదు. పింఛను కాగితాలు ఏ ఆఫీసులో తిరుగుతున్నాయో తెలియదు. ఉన్నది కొత్తపేటలో ఒక అద్దె గది, దానికో వంటవసారా. ఆ వసారాలో ఎనభై దాటిన అత్త కూర్మమ్మ. పెళ్ళయిన కొన్నేళ్ళకే గురమ్మ మొగుడు జ్వరంతో పోతే, ఉన్న కాస్త పొలం దాయాదులు కలిపేసుకుంటే, అత్తాకోడళ్ళిద్దరూ మూటా ముల్లే సర్దుకుని పట్నం వచ్చేశారు. అప్పటి నుంచి ఒకరినొకరు తిట్టుకుంటూ, ఒకరికొకరు వండి పెట్టుకుంటూ బతుకుతున్నారు. కూర్మమ్మకు అడ్డచుట్ట అలవాటు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, గుప్పుగుప్పున పొగ వదులుతూ, లోకంలో ఏం జరిగినా తప్పు కోడలిదేనని తేల్చేది.

స్కూల్లో వంట క్లాసుండేది. పద్మకుమారి టీచరు పెద్ద క్లాసుల పిల్లల చేత కిరసనాయిలు పంపు స్టవ్వుల మీద ఉప్మాలూ హల్వాలూ చేయించేవారు. స్టవ్వు మొరాయించినప్పుడల్లా దాన్ని రిక్షా ఎక్కించి గంటస్తంభం దగ్గరి షాపుకు పంపాలి. షాపువాడు రేపు మాపు అని తిప్పించుకునేవాడు. ఆ తిప్పుడుకు ఒళ్ళు మండి, ఒకరోజు గురమ్మే స్టవ్వును నేల మీద పెట్టి విప్పేసింది. టీచరు లబోదిబోమన్నారు. సాయంత్రానికల్లా అది నీలం మంటతో వెలిగింది. ఇహ అక్కడి నుంచి ఆవిడకు అదో పిచ్చయింది. ఎవరింట్లో స్టవ్వు పాడైందని తెలిసినా అడిగి మరీ తెచ్చుకునేది. సన్నటి పిన్నుతో బర్నరు రంధ్రం పొడవడం, పంపు లోపలి తోలు వాషరుకు ఆముదం పట్టించడం, టాంకీని నీళ్ళలో ముంచి ఎక్కడ బుడగలొస్తున్నాయో కనిపెట్టడం ఆవిడకు ఆటలా ఉండేది. పైసా పుచ్చుకునేది కాదు. పుచ్చుకుంటే సరదా పోతుందనేది.

రిటైరయ్యాక ఆ మాట అటకెక్కింది. ఎదురింటివాళ్ళు స్టవ్వు బాగుచేసినందుకు చేతిలో డబ్బులు పెడితే, ఎప్పుడూ వెనక్కి తోసే చెయ్యి ఈసారి ముందుకు సాగింది. ఆ డబ్బులతో తెచ్చిన బియ్యం వండుకుని తింటూ గురమ్మ తల దించుకుంది.

"సిగ్గేటే?" అంది కూర్మమ్మ. "పని సేసినావు, పుచ్చుకున్నావు. మీ మామ దూడని అమ్మితే సిగ్గుపడ్డాడేటి?"

వీధిలో ఆడవాళ్ళకు గురమ్మ దగ్గరకు రావడమే సుఖంగా ఉండేది. గంటస్తంభం దాకా పోనక్కర్లేదు, మగాళ్ళను బతిమాలక్కర్లేదు. ఒకరిని చూసి ఒకరు తేవడంతో వసారా అంతా ఇత్తడి టాంకీలతో నిండింది. చుట్ట కాల్చుకోవడానికి కూర్మమ్మను పెరట్లోకి తరిమేయాల్సి వచ్చింది. ఆవిడ దానికీ కోడల్ని తిట్టింది. పింఛను సంగతి ఎలా ఉన్నా రెండు పూటలా కుండ పొయ్యెక్కుతోంది.

అయితే సరదాకు చేసినన్నాళ్ళూ స్టవ్వు వెలగకపోతే అందరూ నవ్వి ఊరుకునేవారు. డబ్బు పుచ్చుకున్నాక గురమ్మకే నవ్వు పోయింది. స్టవ్వు ఇచ్చి పంపిన రోజు ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది. వాషరు సరిగా కూర్చుందా, మరలు బిగించానా అని అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేది. వీధిలో ఎవరు గట్టిగా అరిచినా ఉలిక్కిపడేది.

వీటన్నిటికీ తోడు, చెప్పవలసిన మాట ఒకటి ఆవిడ చెప్పలేకపోతోంది. పంపు స్టవ్వు మంట మధ్యలో పోతే వెంటనే అగ్గిపుల్ల గీయకూడదు. లోపలి గాలి ఒత్తిడికి కిరసనాయిలు ఆవిరి బయటికి తన్నుకొస్తూనే ఉంటుంది. టాంకీ మీదున్న గాలి స్క్రూ తిప్పి, గాలంతా పోయాక, చల్లారనిచ్చి మళ్ళీ వెలిగించుకోవాలి. స్కూల్లో అయితే పిల్లలకు రోజూ చెప్పేది. ఇళ్ళ సంగతి వేరు. దీపం ఆరిపోయిందని ఎవరూ అనరు, కొండెక్కిందంటారు. పొయ్యి విషయంలో ఆ మాటైనా నోట రానివ్వరు. మొదట్లో ఒకావిడకు స్టవ్వు అందిస్తూ, "మంట ఆరిపోతే..." అని ఎత్తుకుందో లేదో, ఆవిడ చివ్వున లేచింది. "సుబమా అని పొయ్యి ఇంటికి పట్టికెళ్తంటే, ఆ నోటితో ఆ మాటేటి?" అంది. ఆ నోటితో అన్నది, ముత్తయిదువ కాని నోటితో అని. గురమ్మకు చెప్పుతో కొట్టినట్టయింది. ఆనాటి నుంచి స్టవ్వు చేతికిచ్చి, "జాగర్త" అని మాత్రం అనేది. ఎందుకు జాగ్రత్తో, దేనికి జాగ్రత్తో చెప్పేది కాదు.

వైశాఖంలో ఒక పొద్దున్న పక్క వీధి దేముడమ్మ వచ్చింది. మొన్న పట్టుకెళ్ళిన స్టవ్వును దబ్బున కింద పెట్టి, చీర కొంగు చాపింది. కొంగు చివర జానెడు మేర కాలి నల్లబడింది.

"అప్పా, సూడు నీ పొయ్యి సేసిన పని."

గురమ్మ ఆ కొంగు పట్టుకుని చూసింది. "ఏటైనాదే?"

"ఏటవుతాది? పట్టికెళ్ళి పాలు పొంగించినాను. పొంగీసరికి మంట పోయింది. తెల్లగా పొగొస్తంటే మళ్ళీ అగ్గిపుల్ల గీసినాను. బగ్గుమని నా ఎత్తు లేసింది. మా ఆయన తడిగోనె యిసిరినాడు కాబట్టి ఇలాగ నిలబడి మాటాడతన్నాను."

"పంపు స్టవ్వు మీద పాలు పొంగించడమేటే? పొంగకండా సూసుకోవాల గాని!"

"ఓలమ్మ! బాగై ఇంటికొచ్చిన పొయ్యి కొత్త పొయ్యి కాదేటి? ముందు పాలు పొంగించకండా ఎవులైనా ఎసరు పెడతారేటి?"

గురమ్మ కూర్చుని ఆ స్టవ్వు బర్నరు చూసింది. ఇచ్చిన స్టవ్వులు కొన్ని నాలుగు రోజులకే తిరిగొచ్చేవి. బర్నరు చుట్టూ మాడిన పాలు అట్టకట్టి ఉండేవి. ఈ ఆడవాళ్ళకు పాలు కాచుకోవడం కూడా రాదని ఆవిడ విసుక్కునేది, గీకి శుభ్రం చేసి ఇచ్చేది. స్కూల్లో పద్మకుమారి టీచరు పాలగిన్నె దగ్గర గరిటె పుచ్చుకుని కాపలా కాసేవారు కనక, స్టవ్వు మీద పాలు పొంగడమన్నది ఆవిడ ఎన్నడూ చూడలేదు. వీధి వీధంతా తన చేతి మీదుగా వెళ్ళిన ప్రతి స్టవ్వునూ శుభమా అంటూ పాలతో ఆర్పుకుని, మళ్ళీ అగ్గిపుల్ల గీసుకుంటోందన్న మాట. ఇంతవరకూ ఎవరూ కాలకపోవడం ఒట్టి అదృష్టం.

ఆ మాట అనుకుంటూనే ఆవిడకు జగ్గమ్మ గుర్తొచ్చింది.

జగ్గమ్మది వీధి చివరి పెంకుటిల్లు. ఆవిడ కొడుకు కొండబాబుకు గరివిడి ఫ్యాక్టరీలో ఉద్యోగం, కొత్తగా క్వార్టరు ఇచ్చారు. కోడలు చిన్నతల్లి ఆ ఇంట్లో కాపురం పెడుతోంది. చిన్నతల్లికి వాళ్ళమ్మ ఇచ్చిన పాత ఇత్తడి స్టవ్వును జగ్గమ్మే తెచ్చి బాగుచేయించుకుంది. దాని గాలి స్క్రూ అరిగిపోయి గాలి కారిపోయేది. కొత్త స్క్రూ దొరకలేదు. గురమ్మ దానికి నూలు పోగు చుట్టి, సబ్బు పట్టించి, కటింగ్ ప్లేరుతో బలమంతా పెట్టి బిగించింది. నీళ్ళలో ముంచితే ఒక్క బుడగ రాలేదు. తన పనికి తనే మురిసిపోయింది. ఇప్పుడా స్క్రూ ఆడపిల్ల వేళ్ళకు తిరగదు. మంట పోతే ఆ స్టవ్వు గాలి తీసే దారి లేదు. గరివిడిలో పాలు పొంగించేది ఈ రోజే. మొదటి బస్సుకే అందరూ బయల్దేరి వెళ్ళిపోయారు.

గురమ్మ లేచి ప్లేరు బొడ్డున దోపుకుంది.

"ఎక్కడికే?" అంది కూర్మమ్మ పెరట్లోంచి.

"గరివిడి."

"నీకు మతిపోనాదేటి? పాలు పొంగించే సోటికి మనం ఎల్తామేటి? నిన్ను పిలిసినారేటి? ఆ జగ్గమ్మ నిన్ను గుమ్మంలో సూసిందంటే, రేపటి నుంచి ఈ వసారాలోకి ఒక్క పొయ్యి రాదు. మనమేటి తింటాం?"

"ఎల్లకపోతే ఆ సిన్నతల్లి గుంట కాలిపోతాది అత్తా."

కూర్మమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. కోడలి మొహం చూసింది. చీర చెంగు ముడి విప్పి, బస్సుకు చిల్లర తీసి చేతిలో పెట్టింది. "మరింక నిలబడి నా మొకం సూస్తావేటి? బేగి ఎల్లు."

బస్సు నిండా జనం. నెల్లిమర్లలో రామతీర్థం వెళ్ళే యాత్రికులు దిగుతుంటే గురమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక ముసలాయన మెట్టు మీద నిలబడి మూట లెక్క చూసుకుంటున్నాడు. ఒక పిల్ల చెప్పు సీటు కింద పోయింది. "బేగి దిగండి బాబూ," అని ఆవిడ అరిస్తే కండక్టరు వెనక్కి తిరిగి, "నీకేటమ్మా అంత తొందర, పెళ్ళికా?" అన్నాడు. బస్సులో నవ్వారు. గురమ్మకు ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. మళ్ళీ బస్సు కదిలాక కిటికీ కమ్మీ పట్టుకుని, కళ్ళు మూసుకుంటే ఆ పిల్ల కొత్త చీర కొంగు కనబడుతోంది. కళ్ళు తెరిస్తే జగ్గమ్మ మొహం కనబడుతోంది. వెళ్ళి ఏమని చెప్పాలి? గుమ్మంలో నిలబడి ఆ మాట అంటే కొడతారు. అనకపోతే తను ఇంతదూరం రావడం ఎందుకు? ముహూర్తం పది దాటాక అన్నారు. ఇప్పుడెంతయిందో పక్కవాళ్ళను అడగడానికి కూడా ఆవిడకు ధైర్యం చాల్లేదు.

క్వార్టర్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒక వరసంతా తిరిగింది, రెండో వరసలో తప్పుడు తలుపు తట్టి తిట్లు తింది. చివరికి ఆవిడను ఆ ఇంటికి తీసుకెళ్ళింది చెవులే. స్టవ్వు సుయ్‌మంటున్న మోత దూరం నుంచే వినబడింది. ఏ స్టవ్వు మోత ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు. అది తను బాగుచేసిందే. మోత వింటూనే ముందు కాస్త హాయనిపించింది, ఇంకా ఏమీ కాలేదని. పరుగులాంటి నడకతో గుమ్మం చేరింది.

గడపకు పసుపు, పైన మామిడి తోరణం. లోపల గదిలో ఓ మూల దేవుడి పటం ముందు దీపం. నడుమ పీట పక్కన స్టవ్వు, దాని మీద బొట్లు పెట్టిన ఇత్తడి గిన్నె. చుట్టూ ముత్తయిదువులు. చిన్నతల్లి కొత్త చీరలో ఒద్దికగా కూర్చుని పాలకేసి చూస్తోంది. పాలు అంచు దగ్గరకు వచ్చేస్తున్నాయి. జగ్గమ్మ తలెత్తి గుమ్మంలో గురమ్మను చూసింది. ఆవిడ మొహంలో రక్తం ఇంకిపోయింది. పెదవి కదపకుండా, కళ్ళతోనే వెళ్ళిపొమ్మంది.

గురమ్మ ఆగిపోయింది. గడప ఇవతల ఆవిడ కాళ్ళు రాయిలా నిలబడిపోయాయి. ఇన్నేళ్ళుగా ఏ శుభకార్యంలోనూ ఎవరూ అడ్డు చెప్పకముందే తనంతట తానే పక్కకు తప్పుకోవడం నేర్చుకున్న కాళ్ళవి.

పాలు పొంగాయి. "పొంగినాయి, పొంగినాయి," అని అందరూ సంబరంగా అన్నారు. తెల్లటి పాలు నాలుగు వైపులా జారి బర్నరు మీద పడ్డాయి. మంట పోయింది. సుయ్‌మనే మోత బుస్సుమనే చప్పుడుగా మారి, గిన్నె కింద నుంచి తెల్లటి పొగ లేచింది. అది పాల ఆవిరనే అనుకున్నారందరూ. వాసన గురమ్మకు గుమ్మందాకా కొట్టింది. పొగ మెల్లగా దేవుడి దీపం వైపు సాగుతోంది.

"కొండెక్కినట్టున్నాది. మళ్ళీ ఎలిగించే, బేగి," అంది ఎవరో. చిన్నతల్లి అగ్గిపెట్టె తీసింది.

"ఆరిపోయింది!" అని గురమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచింది. "ఆరిపోయిందే! గీయకే!"

అరుస్తూనే గడప దాటింది. ఎవరి కాలు తొక్కిందో తెలియదు. గిన్నె పక్కకు నెట్టి, స్టవ్వును కొంగుతో పట్టుకుని, పెరటి తలుపు తన్ని బయటికి పరుగెత్తింది. అరచేతులు చుర్రుమన్నాయి. పెరట్లో నూతి పక్క స్టవ్వును దించి, బొడ్డులోంచి ప్లేరు తీసి గాలి స్క్రూ పట్టుకుంది. తను బిగించిన బిగువు తనకే లొంగలేదు. రెండోసారి పట్టు జారింది. మూడోసారికి తిరిగింది. గాలి బుస్సున పోయి, పొగ సన్నబడి, ఆగిపోయింది.

అప్పటికి జగ్గమ్మ బయటికొచ్చింది. వెనక మిగతా ఆడవాళ్ళు.

"నా కొడుకింట్లో ఆ మాట అంటావా? పాలు పొంగించిన పొయ్యి గుమ్మం దాటిస్తావా? నీకేటి ద్రోహం సేసినానే గురమ్మా?" ఆవిడ కోపంతో కన్నా బెదురుతో వణుకుతోంది. "నీ మొగుణ్ణి తిన్నట్టు నా కొడుకునీ..."

"వదినా, ఆ పొగ కిరసనాయిలు. అగ్గిపుల్ల గీసుంటే..."

"ఏటైనాది? ఏటీ అవలేదు గదా! నువ్వొచ్చి సేసిందే గదా అంతా!"

నిజమే, ఏమీ జరగలేదు. జరగనిదాన్ని ఎలా చూపిస్తుంది? ఈ ఆడవాళ్ళు ఇవాళ సాయంత్రానికి విజయనగరం చేరతారు. రేపు వీధంతా తెలుస్తుంది. వసారా ఖాళీ అవుతుంది. ముసలిదాని మొహం చూడాలి. ఇవన్నీ ఆవిడకు ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందు తిరిగాయి. స్టవ్వును అక్కడే వదిలి లేవబోయింది.

చిన్నతల్లి ఆడవాళ్ళను తప్పించుకుని ముందుకొచ్చింది. అగ్గిపెట్టె ఇంకా చేతిలోనే ఉంది.

"అత్తా," అంది జగ్గమ్మతో. "పుల్ల తీసినాను. పెట్టికి ఆనించినాను. ఈవిడ అరవకపోతే గీసీసుందును. నా చీర మీదకంతా ఆ వాసనే వచ్చినాది. వాసన సూడు." కొంగు తీసి అత్త ముక్కు దగ్గర పెట్టింది.

జగ్గమ్మ మొహం తిప్పుకోబోయి, ఆగింది. కొంగు వాసన చూసింది. మళ్ళీ చూసింది. కోడలి మొహంకేసి, మెడకేసి, చేతులకేసి చూసింది. పక్కావిడ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

చిన్నతల్లి గురమ్మ ఎదురుగా నూతి పళ్ళెం మీద చతికిలబడింది. "రేపటి నుంచి ఈ ఇంట్లో నానొక్కర్తినే ఉంటాను. ఆయన డ్యూటీకి ఎల్లిపోతాడు. దీంతో ఎలాగ ఏగాలో నాకు సెప్పి ఎల్లు."

గురమ్మ స్క్రూకు చుట్టిన నూలు పోగును గోటితో పీకి పారేసింది. "దీన్ని సేత్తోనే బిగించు. గాలి కాస్త కారితే కారనీ. ప్లేరు ముట్టుకోకు. నాను కొత్తది ఎక్కడున్నా ఎతికి తెస్తాను," అంది. అంత వరకూ చెప్పి ఆగిపోయింది. అందరూ చుట్టూ నిలబడి ఉన్నారు. ఇందాక అరిచిన అరుపు ఎలా వచ్చిందో తెలియదు. మామూలు గొంతుతో, ఒక కొత్త కోడలి ఎదుట, ఆ మాట మళ్ళీ అనడానికి ఆవిడకు నోరు రావడం లేదు.

జగ్గమ్మ వచ్చి కోడలి పక్కన కూర్చుంది. గురమ్మ కాలిన అరచేతులు చూసింది.

"మరి ఆరిపోతే," అంది నెమ్మదిగా, "ఆరిపోతే ఏటి సెయ్యాలి? నాకూ సెప్పు."

గురమ్మ చెప్పబోయింది. గాలి స్క్రూ మీద వేలు కూడా పెట్టింది. అంతలోనే పొద్దుటి నుంచి, ఇంకా చెప్పాలంటే రిటైరైన మర్నాటి నుంచి బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చి, ఆవిడ అందరి ముందూ భోరున ఏడ్చేసింది. ఎవరూ లేచి వెళ్ళిపోలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుని చెప్పేదాకా అందరూ నూతి చుట్టూ కూర్చున్నారు.